స్పీడ్ సుహైల్, నాలుగు ర్యాములు

జనవరి 17, శుక్రవారం

కంప్యూటర్ల గురించి నాకు చెప్పేంతవాడయ్యాడా అక్రం? వినుకొండ బస్టాండు పక్కన నాలుగు కీబోర్డులు వేలాడదీసుకుని కూర్చున్నంత మాత్రాన ఇంజినీరు అయిపోయాడా? మా ఆవిడ అబిదాకు తమ్ముడు, ఆమెను ఆపా అనీ నన్ను దుల్హేభాయ్ అనీ పిలుస్తాడు కాబట్టి మర్యాదగా విన్నాను. వేరేవాళ్ళైతే సగంలోనే ఫోన్ పెట్టేసేవాణ్ణి.

వచ్చే నెల తొమ్మిదిన నజీమా నికాహ్. అబిదాకు, అక్రానికి చెల్లెలు. పెళ్ళి ఫిల్ము నేను చేస్తున్నాను, నిశ్చితార్థం ముక్కలతో ఇప్పుడే మొదలైంది. నరసరావుపేటలో పెళ్ళి వీడియో అంటే ఎవరైనా ముందు నా షాపు పేరే చెబుతారు. స్పీడ్ సుహైల్ డిజిటల్స్. ఆ 'స్పీడ్' బోర్డు మీదికి ఊరికే రాలేదు. నా కంప్యూటర్ కంపెనీవాడు చెప్పిన వేగంతో నడిచే రకం కాదు. సెట్టింగుల్లోకి వెళ్ళి, వాడు పెట్టిన హద్దు దాటించి పరిగెత్తిస్తాను. దీన్నే ఓవర్‌క్లాక్ చేయడం అంటారు. నాలుగేళ్ళుగా పరిగెత్తుతోంది. ఒక్కరోజు కూడా నా పరువు తీయలేదు.

కాకపోతే ఈ ఫిల్ము పెద్దది. ఉన్న రెండు ర్యాములు, అంటే మెమరీ పట్టీలు, చాలడం లేదు. గుంటూరు వెళ్ళి మరో రెండు తెచ్చాను. కంపెనీ వేరు, వేగం కొంచెం తక్కువ. అంతే తేడా. ఈ మాటే అక్రంతో నోరు జారాను.

"దుల్హేభాయ్, పాతయ్యీ కొత్తయ్యీ కలపమాక. కలిపేటట్టయితే స్పీడన్నా దించు. నీ పాతయ్యి పరిగెత్తినంత ఆ కొత్తయ్యి పరిగెత్తలేవు. మధ్యలో కూలబడతయ్యి, వాటితోపాటు కంప్యూటరూ కూలబడిద్ది."

స్పీడ్ దించాలట. నన్ను.

జనవరి 18, శనివారం

పెట్టాను. ఆన్ అయింది. నాలుగూ నా పాత స్పీడులోనే. అక్రం మూర్ఖుడు.

ఇంకో పని కూడా అయింది. కొత్త ర్యాముల మీద ఎర్ర చుక్కలు పెట్టాను. అబిదాకు ఎవరో ఇచ్చిన నెయిల్ పాలిష్ ఉంది. నమాజుకు అడ్డమని ఆమె వాడదు, అందుకని అది నా స్క్రూడ్రైవర్ల డబ్బాలో ఉంటుంది. నా కంప్యూటర్లో ప్రతి ముక్క మీదా ఆ చుక్క ఉంటుంది. ఫ్యాన్లు, ర్యాములు, చివరికి మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ మీద కూడా. ఎప్పుడైనా రిపేరుకు ఇస్తే మంచివి నొక్కేసి పాతవి పెడతారు. చుక్క పెట్టుకున్నవాడు మోసపోడు.

జనవరి 19, ఆదివారం

పెళ్ళి కార్డులు పట్టుకుని అక్రం వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా తిన్నగా షాపులోకే వచ్చి, వంగి కంప్యూటర్ లోపలికి చూశాడు. మా ఇల్లూ షాపూ ఒకటే, ముందు గది షాపు. పక్క షాపు కృపానందం మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. రిటైరయ్యాక జిరాక్స్ మెషిన్ పెట్టుకున్నారు కానీ, ఎక్కువగా నా కుర్చీలోనే ఉంటారు.

"నాలుగూ పెట్టినావా?" అన్నాడు అక్రం.

"పెట్టా. పరిగెత్తుతున్నయ్యి. కళ్ళతో చూసుకో."

"ఆన్ అవటం కాదు దుల్హేభాయ్. పెద్ద పని మీద కూర్చోబెట్టు. అప్పుడు తెలిసిద్ది."

"ఏం తెలిసిద్ది?"

"ఆగిపోద్ది."

నాకు మండింది. మాస్టారి ముందు అనాల్సిన మాటా అది? "ఆగితే బోర్డు మీద స్పీడ్ అనే మాట తుడిచేస్తా. నా చేత్తో. నిచ్చెనెక్కి," అన్నాను.

"అయితే నేనూ చెప్తన్నా. నువ్వు స్పీడ్ దించకుండా ఫిల్ము తయారుచేసి వలీమా విందు రోజు తెర మీద చూపియ్యి. మైకు పట్టుకొని అందరి ముందూ నిన్ను ఉస్తాద్ అంటా. ఫిల్ము కాకపోయినా, స్పీడ్ దించినా, నువ్వు నిచ్చెనెక్కాల."

"నేను సాక్షినయ్యా సుహైలూ," అన్నారు మాస్టారు, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుని.

లోపలినుంచి అమ్మీ కేకేసింది. "ఒరేయ్, పందేలు హరామ్ రా!"

"పందెం కాదు అమ్మీ, మాట," అన్నాను. నిజమే కదా. పందెం అంటే డబ్బు ఉండాలి. ఇది మాట.

అబిదా టీ తెచ్చి ఇద్దరివంకా చూసింది. "మీ మాటలు ఏమన్నా కానీయండి. మా అబ్బా వీడియో మాత్రం పాడవ్వకూడదు," అంది.

అబ్బా అంటే వాళ్ళ నాన్న, మా మామగారు. పోయి పద్నాలుగేళ్ళయింది. మా పెళ్ళి సీడీలో చివర ఆయన ఉన్నారు. సాగనంపుతూ కారు కిటికీలోంచి తల పెట్టి నాతో, "బేటా, బండి నిదానంగా పోనియ్యి. పిల్లకు కారు పడదు," అంటారు. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క ముక్కే. నజీమా అప్పుడు చిన్నపిల్ల, ఆ గొంతు దానికి సరిగ్గా గుర్తు లేదట. మాచర్లలో పెళ్ళికొడుకువాళ్ళు ఇచ్చే వలీమా రోజు పెద్ద తెర మీద అది విని తీరాలని అక్కాచెల్లెళ్ళ కోరిక.

ఆ రోజు నేను బండి నిదానంగా పోనిచ్చానో లేదో ఇప్పుడు గుర్తులేదు. అబిదాకు గుర్తుంది.

షాపు మూయగానే అమ్మీ వచ్చి షాపు కరెంటు మెయిన్ దగ్గరే ఆపేసింది. మా సందులో ఫ్యాన్సీ షాపులో షార్ట్ సర్క్యూట్ అయినప్పటినుంచి రోజూ ఇంతే. తన చేత్తో మెయిన్ ఆపితే తప్ప ఆమెకు అన్నం సయించదు.

జనవరి 21, మంగళవారం

ఆగింది. నీలం తెర వచ్చింది. కరెంటులో ఏదో తేడా ఉంది. ర్యాముల తప్పేం లేదు.

జనవరి 22, బుధవారం

మళ్ళీ ఆగింది. మాస్టారి జిరాక్స్ మెషిన్ కరెంటంతా లాగేస్తోందని నా అనుమానం. వెళ్ళి అడిగాను.

"నా మెషిన్ నిన్నటినుంచి ఆన్ చేయలేదయ్యా, పౌడర్ అయిపోయింది," అన్నారు.

ఆఫ్‌లో ఉన్నా లాగే రకం అయ్యుంటుంది.

జనవరి 23, గురువారం

ర్యాముల సీట్లు మార్చాను. పడని బంధువులను విందులో ఎడంగా కూర్చోబెడతాం కదా, అలా. పాతది, కొత్తది, పాతది, కొత్తది. ఆగింది. పాతవి రెండూ ఒకవైపు, కొత్తవి రెండూ ఒకవైపు పెట్టాను. ఇంకా త్వరగా ఆగింది. ఇక్కడ కూడా మర్యాదలు కావాలేమో వీటికి.

జనవరి 24, శుక్రవారం

దిష్టి తగిలిందని అమ్మీ అంది. నేను ఇలాంటివి నమ్మను, కానీ కాదనలేదు. అమ్మీ కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని వచ్చి, దువా చదివి, కంప్యూటర్ లోపలికి గట్టిగా ఊదింది. లోపలున్న దుమ్మంతా లేచి నా ముఖాన పడింది. తుమ్ముతూనే మధ్యాహ్నం దాకా పని చేశాను. ఆగలేదు!

మధ్యాహ్నం తర్వాత ఆగింది. అమ్మీకి చెప్పలేదు. బాధపడుతుంది.

జనవరి 25, శనివారం

ఈ రోజు ఆగడం మామూలుగా ఆగలేదు. మామగారి ముక్క ఫిల్ములో కలుపుతున్నాను. అబిదా నా వెనకే నిలబడి చూస్తోంది. ఆయన కిటికీలోంచి తల పెట్టి, "బేటా, బండి ని..." అన్నారు, అక్కడే ఆగిపోయారు. నోరు తెరుచుకుని, కళ్ళు సగం మూసుకుని. ఎంతసేపు చూసినా అంతే.

అబిదా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, "ఆ స్పీడేదో కొంచెం తగ్గించరాదా?" అంది.

"అది అక్రం నేర్పిన మాట," అన్నాను.

"ఎవరు నేర్పితే ఏందండీ? అబ్బా మొకం చూడండి ఎట్టా ఉందో."

చూశాను. బాగాలేదు. కానీ స్పీడ్ దించితే ఇక బోర్డు ఎందుకు, షాపెందుకు, నేనెందుకు? ఆ మాటే అన్నాను. కొంచెం గట్టిగా అన్నానేమో.

జనవరి 26, ఆదివారం

ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు. నేనూ మాట్లాడడం లేదు. మొదలుపెట్టింది అబిదానే.

అమ్మీ షుగర్ మెషిన్ పనిచేయడం లేదట. బ్యాటరీ అయిపోయింది, రూపాయి బిళ్లలాంటిది, తెమ్మంది. సరేనన్నాను.

జనవరి 27, సోమవారం

బ్యాటరీ మర్చిపోయాను. కంప్యూటర్ పొద్దున ఆగింది, మధ్యాహ్నం ఆగింది, సాయంత్రం ఆగింది. మనిషికి ఎన్ని గుర్తుంటాయి?

అబిదా ఫోన్లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను వెళ్ళేసరికి పెట్టేసింది. పెళ్ళి పనులయ్యుంటాయి.

జనవరి 28, మంగళవారం

ఆగలేదు! పొద్దున్నుంచి షాపు మూసేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు!

నాలుగు ర్యాములూ మెత్తగా దారికొచ్చాయి. నేను ఏమీ చేయలేదు. స్పీడ్ దించలేదు. సీట్లు మార్చలేదు. ఓపిక పట్టాను, అంతే. అక్రంలాంటివాళ్ళకు లేనిది అదే.

అమ్మీ షుగర్ మెషిన్ కూడా పనిచేస్తోంది. అబిదా చూసుకుందట. అబిదా అన్నీ చూసుకుంటుంది. మళ్ళీ మాట్లాడుతోంది కూడా. ఇకనుంచి పొద్దున్నే షాపు తెరిచి కంప్యూటర్ ఆన్ చేసే పని తనదేనంది. చెల్లెలి పెళ్ళి కదా, ఆమె తొందర ఆమెది.

జనవరి 30, గురువారం

ఈ రోజూ ఆగలేదు. ఎందుకో నాకు అర్థమైంది. కొత్త ర్యాములు పాతవాటికి అలవాటుపడ్డాయి. కొత్త కోడలు ఇంటికొస్తే మొదటి వారం గిన్నెలు గట్టిగా చప్పుడవుతాయి, తర్వాత సర్దుకుంటాయి. ఇదీ అంతే. ఈ విషయం ఏ పుస్తకంలోనూ ఉండదు, అనుభవంతో తెలియాలి.

ఫ్యాన్ల చప్పుడు కూడా బాగా తగ్గింది. ముందు మిక్సీలాగా అరిచేవి. ఇంజను పట్టుబడితే చప్పుడు తగ్గుతుంది. ఎవరికైనా తెలిసిందే.

సెట్టింగుల్లోకి వెళ్ళి స్పీడ్ ఎంత చూపిస్తోందో చూద్దామా అనుకున్నాను. మళ్ళీ వద్దనుకున్నాను. బాగా నడుస్తున్నదాన్ని కెలకకూడదు. అయినా నాకు అంకెలెందుకు? మౌస్ పట్టుకుంటే చేతికే తెలుస్తోంది. గాలిలా పోతోంది.

ఫిబ్రవరి 1, శనివారం

మాస్టారికి కొత్త కోడలి సిద్ధాంతం వివరంగా చెప్పాను. అంతా విని, "మరి మా ఇంట్లో పదేళ్ళయినా ఎందుకు సర్దుకోలేదయ్యా?" అన్నారు. దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను.

అక్రానికి ఫోన్ చేశాను. "నాలుగూ కలిసి పరిగెత్తుతున్నయ్యి. స్పీడ్ దించలేదు. మైకులో ఏం చెప్పాలో రాసుకుంటున్నావా?"

"రాసుకుంటన్నా దుల్హేభాయ్," అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడు! మనిషి లోలోపల ఎంత కుమిలిపోతున్నాడో పాపం.

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు కొంచెం ముందే లేచి షాపులోకి వెళ్ళాను. అబిదా అప్పుడే కంప్యూటర్ ఆన్ చేసింది. నల్ల తెర మీద తెల్లక్షరాలు వచ్చాయి. అబిదా టక్కున ఏదో మీట నొక్కింది. పోయాయి.

"ఏంటది?" అన్నాను.

"ఏమో. రోజూ ఏందో అడిగిద్ది. నొక్కితే పోద్ది."

చదివే లోపే పోయింది. అంత స్పీడ్!

తర్వాత చూస్తే తేదీ 2020 జనవరి ఒకటి అని ఉంది. నెట్ రాగానే దానంతటదే సరైంది. నెట్‌వాడికి ఫోన్ చేసి తిట్టాను. మా తేదీలతో మీకేం పని అన్నాను. తేదీ మేమెందుకు మారుస్తాం సార్ అని వాడు వాదించాడు. ఇంకాస్త తిట్టాను.

ఫిబ్రవరి 5, బుధవారం

సందు చివర టీ కొట్టువాడు గ్లాసులు చిన్నవి చేశాడు. ఇదివరకు పెద్ద పాట ఒకటి ఎక్స్‌పోర్ట్ పెట్టి, అంటే ముక్కలన్నీ కలిసి ఒకే వీడియోగా తయారవడానికి వదిలేసి, టీ తాగి వచ్చేసరికి పూర్తయ్యేది. ఇప్పుడు రెండు టీలు తాగినా ఇంకా నడుస్తూ ఉంటోంది. కంప్యూటర్ అంత స్పీడుగా పోతుంటే ఇలా ఎందుకవుతుంది? గ్లాసు చిన్నది కాబట్టి.

వాణ్ణి నిలదీశాను. "అయ్యే గ్లాసులు సుహైల్ భాయ్, ఆరేళ్ళ నుంచి అయ్యే," అన్నాడు. ఈ ఊళ్ళో ఒక్కడు కూడా నిజం ఒప్పుకోడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మామగారి ముక్క పూర్తయింది. గొంతు వెనకాల కారు హారన్ ఉండేది, అది తీసేశాను. "బేటా, బండి నిదానంగా పోనియ్యి. పిల్లకు కారు పడదు." మొదలునుంచి చివరిదాకా, ఒక్కచోట కూడా ఆగకుండా. అబిదా పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. నా భుజం మీద చెయ్యి వేసింది. పట్టపగలు, షాపు తలుపు తీసి ఉండగా!

అమ్మీకి షుగర్ కూడా తగ్గిందట. ఇంట్లో అరుపులు తగ్గాయి కాబట్టి తగ్గిందని అమ్మీ అంటోంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

వినుకొండలో నికాహ్ అయింది. వీడియో తీశాను, పెరుగు వంకాయ తిన్నాను, మళ్ళీ వీడియో తీశాను. ఇంతకంటే రాసే ఓపిక లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

నిన్న వలీమా. నిదానంగా రాయాలి, ఒక్క ముక్క కూడా వదలకూడదు.

మాచర్లలో పెళ్ళికొడుకువాళ్ళు పెద్ద ఫంక్షన్ హాలు తీసుకున్నారు. స్టేజీ పక్కన పెద్ద తెర. సోమవారమంతా కూర్చుని నికాహ్ ముక్కలు కూడా కలిపేశాను. ఫిల్ము పడింది. నిశ్చితార్థం, పసుపు, మెహందీ, నికాహ్. బిర్యానీ దగ్గరికి పోయే జనం కూడా ప్లేట్లు పట్టుకుని ఆగి చూశారు. చివర్లో మామగారు కారు కిటికీలోంచి తల పెట్టారు.

"బేటా, బండి నిదానంగా పోనియ్యి. పిల్లకు కారు పడదు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన్ను ఎరిగినవాళ్ళంతా నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. నజీమా స్టేజీ మీద రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పెళ్ళికొడుకు గాబరాపడి, "మనం కూడా నిదానంగానే పోదాం లే," అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. అబిదా నావంక చూసింది. అలాంటి చూపు మా పెళ్ళయ్యాక నేను చూడలేదు.

అప్పుడు అక్రం మైకు పట్టుకున్నాడు.

"అందరికీ ఒక మాట. ఈ ఫిల్ము చేసింది మా దుల్హేభాయ్. నేను కాదన్న పని చేసి చూపిచ్చాడు. ఇయ్యాల్టి నుంచి ఆయన నాకు ఉస్తాద్. సుహైల్ ఉస్తాద్!"

వంగి సలాం కూడా చేశాడు. అది మాటలో లేదు, వాడే చేశాడు. మాస్టారు ముందు వరసలోనుంచి చప్పట్లు కొట్టారు. నేను ఏమీ అనలేదు. గొప్పవాళ్ళు ఇలాంటప్పుడు ఏమీ అనరు. కొంచెం తల ఊపాను. ఓడిపోయినవాణ్ణి ఇంకా ఏడిపించడం నా పద్ధతి కాదు. తిరుగు దారి పొడుగునా వాడికి నాలుగైదుసార్లు గుర్తుచేశాను, అంతే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అమ్మీ చేతిలోంచి షుగర్ మెషిన్ జారి కింద పడింది. వెనక మూత ఊడి, బ్యాటరీ దొర్లుకుంటూ నా కంప్యూటర్ టేబుల్ కిందికి పోయింది. వంగి తీశాను.

దాని మీద ఎర్ర చుక్క ఉంది.

నెయిల్ పాలిష్ చుక్క.

చాలాసేపు టేబుల్ కిందే ఉన్నాను. "పాము గానీ ఉందేందిరా?" అంది అమ్మీ.

కంప్యూటర్ విప్పి చూశాను. మదర్‌బోర్డు మీద బిళ్ల ఉండాల్సిన చోట ఖాళీ. నేను పెట్టిన స్పీడ్ కంప్యూటర్‌కు గుర్తుండేది ఆ బిళ్ల వల్లే. బిళ్ల లేకుండా, అమ్మీ రోజూ మెయిన్ ఆపేస్తుంటే, పొద్దున లేచేసరికి అది నేను చెప్పినవన్నీ మర్చిపోతుంది. తేదీతో సహా. కంపెనీవాడు చెప్పిన మామూలు నడకకు వచ్చేస్తుంది. అబిదా రోజూ నొక్కి పంపేసిన తెల్లక్షరాలు చెప్పింది ఇదే.

స్పీడ్ ఎంత ఉందో ఇప్పుడు చూశాను. రాయను. గాలిలా పోతోందని పైన రాశాను కదా, ఆ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. పెన్ను ఆడలేదు.

టీ గ్లాసులు చిన్నవి కాలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

అబిదాను అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నేనే తీశా," అంది.

"ఎట్టా తీశావు?"

"దువ్వెన పంటితో. తమ్ముడు ఫోన్లో చెప్పాడు."

"అక్రమా?"

"మీకు చెప్పీ చెప్పీ అలిసిపోయా. అబ్బా మొకం అట్టా నోరు తెరుచుకుని ఆగిపోతే నేను చూడలేకపోయానండీ. వాడికి ఫోన్ చేసి ఏడ్చా. ఆ బిళ్ల ఒక్కటి తీసెయ్యి ఆపా, మెయిన్ ఎట్టాగూ మీ అత్తమ్మ ఆపిద్ది, తెల్లారేసరికి దారికొచ్చిద్ది అన్నాడు."

"తీసింది దాచిపెట్టొచ్చు కదా. అమ్మీ మెషిన్లో ఎందుకు పెట్టావు?"

"మీరు తెస్తేగా."

ఇంకో మాట అడిగాను. "స్పీడ్ దిగితే అక్రం గెలిచినట్టేగా? దిగిందని వాడికి తెలుసు. మరి మైకులో అట్టా ఎందుకన్నాడు?"

అబిదా చేట పక్కన పెట్టింది. "అదే నేనూ అడిగా. 'పోనీలే ఆపా, ఉస్తాద్ అంటే నా నోరేం అరిగిపోదు. అబ్బా గొంతు ఆగకుండా వినపడాల, అది చాలు' అన్నాడు."

నేను షాపులోకి వచ్చి కూర్చున్నాను. సిగ్గేసింది. వాడు సలాం చేస్తుంటే నేను తల ఊపాను. దారంతా వాణ్ణి ఏడిపించాను. వాడు నవ్వుతూ విన్నాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఒక్కసారి. ఒక్కసారి చూద్దామనుకున్నాను. ర్యాములు ఈపాటికి నిజంగానే అలవాటుపడి ఉండొచ్చు కదా? ఎర్ర చుక్క బిళ్ల తెచ్చి దాని చోట పెట్టాను. నా పాత స్పీడ్ పెట్టాను. ఫ్యాన్లు మిక్సీలాగా అరిచాయి. ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు! ఫిల్ము మళ్ళీ ఎక్స్‌పోర్ట్ పెట్టి టీ చెప్పాను.

టీ రాకముందే ఆగిపోయింది.

"బేటా, బండి ని..."

మామగారు నోరు తెరుచుకుని నావంకే చూస్తున్నారు. ఈసారి నాకు కూడా ఆ ముఖం చూడడం కష్టమైంది. అబిదా వచ్చేలోపు మెయిన్ ఆపేశాను. బిళ్ల తీసి, మళ్ళీ అమ్మీ మెషిన్లో పెట్టాను.

ఫిబ్రవరి 17, సోమవారం

మాట మాటే. నిచ్చెన, థిన్నర్ డబ్బా, పాత లుంగీ గుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి ఎక్కాను. అబిదా కింద నిచ్చెన పట్టుకుంది. మాస్టారు బయటికి వచ్చారు.

"ఏందయ్యా సుహైలూ, గెలిచావు కదా. మళ్ళీ ఎక్కావేంది?"

పైనుంచే అక్రానికి ఫోన్ చేశాను.

"ఒకే కంపెనీవి, ఒకే రకం ర్యాములు నాలుగు కావాలి," అన్నాను.

"ఎందుకు ఉస్తాద్? ఉన్నయ్యి బానే నడుస్తున్నయ్యిగా?"

"ఉస్తాద్ అనమాకరా."

అటునుంచి మెల్లగా, "ఆపా చెప్పేసిందా?" అన్నాడు.

"బిళ్ల దొరికింది. ఎర్ర చుక్క ఉంది."

వాడు నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. నవ్వనిచ్చాను. ఆ మాత్రం అర్హత వాడికి ఉంది. "నిచ్చెన మీదున్నా. స్పీడ్ తుడిచేస్తున్నా. మాట ప్రకారం నువ్వే గెలిచావు," అన్నాను.

"వద్దు వద్దు, తుడవమాక దుల్హేభాయ్! మాచర్లలో అంతమంది ముందు మైకులో చెప్పినా. ఇప్పుడు నువ్వు తుడిస్తే అక్రం అబద్ధాలాడాడంటారు. రేపు నా షాపుకు ఎవడొస్తాడు? ఉండనియ్యి, నా పరువు తియ్యమాక."

"ఇది నా బోర్డురా."

"మైకులో మాట ఇచ్చింది నేను గదా. ఉండాల్సిందే."

అంటే నేను తప్పు చేశానని తెలిసి కూడా ఆ బోర్డు కిందే కూర్చోవాలి. తుడిచేస్తే తేలిగ్గా ఉండేది. రోజూ దాని కింద నుంచి షాపులోకి వెళ్ళాలి, రోజూ చదవాలి.

అంత పైకి ఎక్కి ఊరికే దిగితే మాస్టారు ఏదైనా అనుకుంటారని, బోర్డు దుమ్ము తుడిచాను. నాలుగేళ్ళ దుమ్ము. స్పీడ్ అనే మాట ఇప్పుడు సందు చివర టీ కొట్టు దాకా కనిపిస్తోంది.

టీ కొట్టువాడికి కూడా సారీ చెప్పాను. దేనికో వాడికి అర్థం కాలేదు. పెద్ద గ్లాసులో పోసిచ్చాడు.

ఫిబ్రవరి 19, బుధవారం

అమ్మీ మెషిన్లో బిళ్ల నిజంగానే అయిపోయింది. ఈసారి మర్చిపోలేదు. పొద్దున్నే వెళ్ళాను. మళ్ళీ అవసరం పడుతుంది, రెండు తీసుకోండి అన్నాడు షాపువాడు.

రెండోది చేతిలోకి తీసుకున్నాను కూడా. కంప్యూటర్లో ఖాళీ చోటు కళ్ళ ముందు కనిపించింది. బిళ్ల ఉంటే నేను ఊరుకోను. నా సంగతి నాకు తెలుసు.

ఒకటి చాలన్నాను.